కార్చిచ్చు ప్రకృతి వైపరీత్యమేనా?

పోయిన విద్యాసంవత్సరంలో మా డిగ్రీ విద్యార్థులను ‘ప్రకృతి వైపరీత్యాలు’ అనే అంశం మీద వ్యాసం వ్రాయమన్నాను. నేను పుట్టి పెరిగింది జనగామ ప్రాంతం. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతుకుతున్నది మహబూబాబాదులో. విద్యార్థులలో చాలామంది తుఫానులు, వరదలు, కరువుల మీద వ్రాశారు. కొత్తగూడ అడవుల వైపునుంచి వచ్చే ఒక కోయ కుర్రవాడు మాత్రం కార్చిచ్చును ఎన్నుకొన్నాడు. వెదురు బొంగులు ఒకదానితో ఒకటి ఒరుసుకొని నిప్పు పుట్టుననీ, పిడుగుపాటువల్ల అడవులు దగ్ధమగుననీ, వన్యప్రాణులు నశించుననీ, ప్రభుత్వము తగు చర్యలు తీసుకొనవలెననీ వ్రాశాడు. భాషలో తప్పులు తక్కువ. పదికి ఎనిమిది మార్కులు వేశాను.

కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు మాటవరసకు అడిగాను: “ఎప్పుడైనా కార్చిచ్చు చూశావా?”

“ప్రతి ఎండకాలం చూస్తం సార్. మా అమ్మనే ఇప్పచెట్టు కింద ఆకు కాలవెడ్తది. గాలి లేస్తే అది పోతనే ఉంటది.”

“మరి ఆ సంగతి వ్రాయలేదేం?”

“గైడుల లేదు సార్. ఉన్నా నేను రాయను. రాస్తే మా అమ్మ మీద కేసయితది.”

నేను వేసిన ఎనిమిది మార్కులకు నాకే సిగ్గనిపించింది. తన కళ్ళతో చూసిన నిజాన్ని దాచిపెట్టి, చూడని అబద్ధాన్ని చక్కగా వ్రాసినందుకు నేనతనికి బహుమానమిచ్చాను. ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకొనే ప్రయత్నం.

1

మొదట అసలు విషయం చెప్పుకొందాం. పూర్వపు వరంగల్లు జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరయినాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. గీతలు ఎన్ని గీసినా పాకాల నుంచి గోదావరి దాకా అడవి ఒక్కటే. ఇది ఆకురాల్చే ఎండు అడవి. టేకు, నల్లమద్ది, ఎగిస, తునికి, ఇప్ప, వెదురు దీని సంపద. సంక్రాంతి దాటిన తరువాత ఆకు రాలడం మొదలవుతుంది. మార్చి నాటికి నేలంతా చేతికందితే గలగలమనే ఎండుటాకు. దానికి ఒక నిప్పురవ్వ చాలు.

సినిమాలలో చూపించే అమెరికా మంటలవలె ఇక్కడి మంట చెట్ల తలలమీద పరుగెత్తదు. నేలబారున, మోకాలెత్తున, ఎండుటాకునూ గడ్డినీ తింటూ ప్రాకుతుంది. పెద్ద టేకు చెట్టు బెరడు నల్లబడి బ్రతుకుతుంది. చచ్చేది మొలక. చచ్చేది నేలమీద గూడు పెట్టే పిట్ట, తాబేలు, కుందేలు కూన. ఏటేటా కాలిన చోట పెద్ద చెట్లు నిలబడే వుంటాయి గాని వాటి తరువాతి తరం వుండదు. చూసేవారికి అది అడవిగానే కనిపిస్తుంది, నిజానికది సంతానం లేని అడవి. ఆ జాగాలోకి గడ్డీ, పరదేశపు లాంటనా పొదలూ వచ్చి చేరుతాయి. మరుసటి ఏటి మంటకు అవే ఇంధనం. బూడిదలోని సారం మొదటి వానకే కొట్టుకొనిపోతుంది. ఆకుదుప్పటి లేని నేల నీటిని పీల్చుకోలేదు. వాననీరు మన్నుతో కలిసి వాగులోకి, వాగునుంచి చెరువులోకి పోతుంది. కాకతీయుల నాటి పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ఇటువంటి అడవుల నీటిమీదనే ఆధారపడినవి. కొండమీద కాలిన ఆకు చెరువులో ఒండ్రు అవుతుందన్నమాట. మైదానంలోని రైతుకు కార్చిచ్చుతో సంబంధం లేదనుకోవడం పొరపాటు.

ఇక నిప్పు ఎట్లా పుడుతుంది? మన దేశంలో అడవి మంటలు నూటికి తొంభైకి పైగా మనిషి చేతినుంచి పుట్టినవేనని అటవీ శాస్త్రజ్ఞులు చెబుతారు. పిడుగులు సాధారణంగా వానతో కలిసి వస్తాయి. వెదురు ఒరుసుకొని అంటుకోవడం పుస్తకాలలో పెరిగినంతగా అడవిలో పెరగలేదు. కాబట్టి తుఫానునూ భూకంపాన్నీ పిలిచినట్లు కార్చిచ్చును ప్రకృతి వైపరీత్యమని పిలవడానికి వీల్లేదు. ఎండ ప్రకృతిది, ఎండుటాకు ప్రకృతిది. నిప్పు మాత్రం మనిషిది.

అయితే ఏ మనిషిది? ఎందుకు పెట్టాడు? ఇక్కడినుంచి చరిత్ర మొదలవుతుంది.

2

సాహిత్య విద్యార్థిని గనుక సాహిత్యం నుంచే ప్రారంభిస్తాను. ‘కారు’ అంటే అడవి, ‘చిచ్చు’ అంటే మంట. అడవి దున్నను కారెనుము అన్నవారే అడవి మంటను కార్చిచ్చు అన్నారు. మన కావ్యాలలో రెండు కార్చిచ్చులు ప్రసిద్ధమైనవి. నన్నయ ఆదిపర్వంలోని ఖాండవదహనం ఒకటి. పోతన దశమస్కంధంలో గోపాలురను చుట్టుముట్టగా కృష్ణుడు మ్రింగివేసిన దావానలం రెండవది. పోతనది మా జనగామ జిల్లాలోని బమ్మెర అని మా ప్రాంతంవారి అభిమానం.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఖాండవంలో నిప్పుకు అడవిని ఆహారంగా ఇచ్చినవారు రాజకుమారులు. తప్పించుకొని పారిపోబోయిన జీవులను బాణాలతో మళ్ళీ మంటలోకే త్రోసినవారూ వారే. ప్రాణభిక్ష పొందిన మయుడు తరువాత వారికి సభ కట్టిపెట్టాడు. ఐరావతీ కర్వే తన ‘యుగాంత’ (1967)లో ఈ దహనాన్ని సాగుభూమికోసం అడవినీ అందులోని జనాన్నీ నిర్మూలించిన సంఘటనగా చదివింది. అంతకు ముందే, 1956లో వెలువడిన తన భారత చరిత్ర గ్రంథంలో, గంగా మైదానంలోకి ఆర్యుల సాగు విస్తరించడంలో నిప్పు నిర్వహించిన పాత్రను డి.డి. కోశాంబి చర్చించాడు. ఆ దహనాలను ఎవరూ నేరమనలేదు, యజ్ఞమన్నారు.

పోతన కథలో కార్చిచ్చుకు చిక్కినవారు పశువుల కాపరులు. అక్కడ వారు బాధితులు, రక్షింపదగినవారు. ఆధునిక కాలంలో మాత్రం ఆ పశువుల కాపరే మొదటి ముద్దాయి అయినాడు. మా జనగామ గుట్టలమీద గొల్లకురుమలు తొలకరికి కొత్తగడ్డి మొలవాలని పాతగడ్డిని కాల్చేవారు. ఎన్నో తరాల ఆ అలవాటు ఒకానొక సంవత్సరంలో నేరమయింది. నిప్పు అదే, గడ్డి అదే. మారినది అడవి యజమాని.

3

ఆ మార్పు రెండువైపులనుంచి వచ్చింది. బ్రిటిషు ఇండియాలో రైలుపట్టాలకు, ఓడలకు కలప కావలసివచ్చింది. 1864లో అటవీశాఖ ఏర్పడింది, బ్రాండిస్ దానికి మొదటి అధిపతి. ఆ దశాబ్దంలోనే మధ్యపరగణాల బోరి అడవిలో నిప్పును పూర్తిగా అరికట్టే ప్రయోగం మొదలుపెట్టారు. 1878 చట్టం, దాని తరువాత 1927 చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని శిక్షార్హం చేసినాయి. 1927 చట్టంలోని 26వ సెక్షనులో ఒక ఉపనిబంధన వున్నది. బుద్ధిపూర్వకంగా గాని, తీవ్రమైన అజాగ్రత్తతో గాని రిజర్వు అడవికి నిప్పు అంటుకొన్నట్లయితే, ఆ అడవిలో మేపుహక్కులనూ అటవీ ఉత్పత్తుల హక్కులనూ ప్రభుత్వం తాను తలచినంతకాలం నిలిపివేయవచ్చును. అనగా నిప్పు ఒకడు పెడితే ఆకలి అందరిదీ! ఊరుమ్మడి శిక్ష అనే ఈ పద్ధతి సామ్రాజ్యవాదుల బుర్రలో పుట్టినది. స్వతంత్ర భారతం దానిని చెరిపివేయలేదు.

నైజాము రాజ్యం వేరైనా ధోరణి వేరు కాదు. సాలార్‌జంగు దివానుగా వున్న కాలం (1853–1883) నుంచి ‘జంగ్లాత్’ పరిపాలన బలపడుతూ వచ్చింది. ఇవాళ కూడా మా పల్లెలలో అటవీ ఉద్యోగులను జంగ్లాతోళ్ళనే అంటారు. రిజర్వు హద్దులు ఊరి అంచులదాకా వచ్చినాయి. బంచరాయి తగ్గిపోయింది. పోడు నిషిద్ధమయింది. ఆదిలాబాదు అడవిలో పోడునూ పశువుల మేపునూ నిలుపుకొనడానికి పోరాడిన కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగాడు. ఆ తరువాత నైజాము ప్రభుత్వం తరఫున గిరిజనుల స్థితిని పరిశీలించిన హైమండార్ఫ్, 1945లో ప్రచురించిన నివేదికలలో భూమి పోవడమే అశాంతికి మూలమని స్పష్టం చేశాడు. ఆ నివేదికలు వెలువడిన కాలంలోనే 1355 ఫసలీ హైదరాబాదు అటవీ చట్టం కూడా వచ్చింది!

పోడులోని నిప్పును గురించి ఇక్కడ ఒకమాట చెప్పాలి. పోడు చేసేవాడు చెట్టు నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, బూడిదలో విత్తనం వేస్తాడు. రెండుమూడేళ్ళు పండించి, ఆ చెలకను వదలి వేరొక చోటికి పోతాడు. వదలిన చోట మళ్ళీ అడవి లేస్తుంది. అడవి విశాలంగా, జనం పలుచగా వున్నంతకాలం ఈ చక్రం తిరిగింది. రిజర్వు గీతలు గీసి తిరిగే జాగా తగ్గించినప్పుడు, మైదానంనుంచి భూమిలేనివారు వచ్చి చేరినప్పుడు, ఒకే చెలకకు మళ్ళీ మళ్ళీ రావలసివచ్చింది. అడవి లేవడానికి వ్యవధి లేకపోయింది. పోడు అడవిని నాశనం చేస్తుందని చట్టం చెప్పింది. అట్లా నాశనం చేసే పరిస్థితిని కల్పించినవాటిలో చట్టం కూడా ఒకటి.

4

మన దేశంలో అడవి మంట ఒక ధిక్కారం కూడా అయింది. 1921లో కుమావూ కొండలలో వెట్టికీ అటవీ ఆంక్షలకూ వ్యతిరేకంగా రైతులు ప్రభుత్వపు చీడ్ పైను అడవులను తగులబెట్టారు. చరిత్రకారుడు రామచంద్ర గుహ (1989) గమనించిన ఒక విశేషం మరువరానిది. ప్రభుత్వానికి కాసులు రాల్చే పైను కాలింది. తమ పశువులకు మేతా, పొలాలకు ఎరువూ ఇచ్చే వెడల్పాకు అడవి జోలికి వారు పోలేదు. అది పిచ్చివాని మంట కాదు, లెక్క తెలిసినవాని మంట.

తెలంగాణలో చరిత్ర వేరొక దారిన నడచింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో మా జనగామ తాలూకా మండిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చిన తరువాత దళాలు మైదానం విడిచి గోదావరి అడవులలోకి తరలినాయి. అప్పుడు తగులబడినది అడవి కాదు, గూడెం. దళాలకు అన్నం పెడతారనే అనుమానంతో కోయగూడేలను కాల్చి, జనాన్ని శిబిరాలకు తరలించిన వృత్తాంతాలు పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన గ్రంథంలో చదువగలము. ప్రభుత్వపు చేతిలోని నిప్పుకు ఏ అటవీచట్టమూ శిక్ష వేయలేదు.

5

ఇంతవరకు చెప్పినది విని, “చూశారా, నేరమంతా రాజ్యానిదే, పేదవాడు నిర్దోషి” అని కొందరు మిత్రులు సంతోషించవచ్చు. అంత సులువుగా తేల్చుకోరాదు. అట్లా తేల్చుకొంటే నా విద్యార్థి వ్రాసిన అబద్ధానికి మనం వేరొక అబద్ధం చేర్చినవాళ్ళమవుతాము.

పోయిన మార్చిలో ఆ కుర్రవాని వెంట వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది. తెల్లవారుజామున ఏరుకోవాలి. ఎండుటాకులో పువ్వు కనబడదు కాబట్టి చెట్టుకింద కాలుస్తారు. ఊడ్చి కుప్ప చేయవచ్చును గాని ఒక్క ఇల్లాలికి ఏడెనిమిది చెట్లుంటే, ఆకు రోజూ రాలుతుంటే, ఊడ్పుకు ఎన్ని పూటలు పట్టాలి? నిప్పు ఆమెకు కూలి అడగని పనిమనిషి. తునికాకు కథ కూడా ఇంతే. ఏప్రిలు, మే నెలల కోతకు ముందు పొదలు నరకాలి, లేత చిగురు రావాలి. నరికించడం ఖర్చు, కాల్చడం ఉచితం. యాభై ఆకుల కట్టకు ఇంతని కల్లం దగ్గర కొలిచి ఇచ్చే కూలిలో ఈ నరుకుడు శ్రమకు లెక్క లేదు. 1971 చట్టంతో ఆకు వ్యాపారం ప్రభుత్వపరమయింది. పైసలలో వుండిన కట్టధర పోరాటాలవల్ల పెరిగింది. కాని ఆకు చౌకగా కావాలనే బీడీ పరిశ్రమ అవసరం మారలేదు. ఆ చౌకతనంలో కొంత అడవి చెల్లిస్తున్నది.

సాయంత్రం గట్టుమీద సన్నని ఎర్రటి గీత కనిపించింది. చూస్తుండగానే అది పొడవయింది. ఊరివాళ్ళెవరూ కదలలేదు. ప్రక్కనున్న ఒక ముసలాయనను అడిగాను, “ఆర్పడానికి ఎవరూ పోరా తాతా?”

“ఎన్కట పోయేటోళ్ళం సారూ, పచ్చి మండలు ఇరిసి కొట్టేటోళ్ళం. ఇప్పుడు ముందుగాల ఎవడు పోతె వాన్నే అడుగుతరు, నువ్వు ఆడికి ఎందుకు పోయినవ్ అని.”

కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు: “గా గట్టుమీది ఇప్పమొక్కలు నా చిన్నప్పటి సంది మోకాలు దాటలే. ఉన్నయన్ని మా తాతల నాటి చెట్లే. మేం పోయినంక పోరగాళ్ళు ఏం ఏరుకుంటరో.”

ఆ రెండవమాట ఏ పరిశోధకుడూ కాదనలేని మాట. మంట పెట్టేదీ వారే, మంటవల్ల రేపు నష్టపోయేదీ వారే. దీనిని దాచడం పేదలపట్ల ప్రేమ కాదు. రేపటి చెట్టును తగులబెట్టి నేటి పువ్వు ఏరుకోవలసిన గతి ఎందుకు వచ్చిందని అడగడమే మన పని. అడవి తనది కాదని నూరేళ్ళపాటు చట్టం ఎవరికి చెబుతూ వచ్చిందో, వారినుంచి రేపటి చెట్టుపై మమకారం ఎట్లా ఆశిస్తాము?

6

ఇక అరికట్టే పద్ధతుల సంగతి. నిప్పును పూర్తిగా నిషేధించడం శాస్త్రం కాదని తెల్లదొరలకే త్వరలో తెలిసివచ్చింది. బర్మాలో నిప్పు తగలకుండా కాపాడిన టేకు అడవులలో కొత్త టేకు మొలవడం లేదని 1896లో స్లేడ్ అనే అటవీ అధికారి వారి స్వంత పత్రికలోనే వ్రాశాడు. గుగ్గిలపు అడవులలోనూ ఇదే అనుభవం ఎదురై, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో తామే అదుపుగా కాల్చే పద్ధతికి మళ్ళినారు. అమెరికాలో 1910లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలినాయి. ఏ మంటనైనా మరునాటి ఉదయం 10 గంటలకల్లా ఆర్పివేయాలని 1935లో నియమం పెట్టుకొన్నారు. దశాబ్దాలపాటు చిన్న మంటలను ఆర్పుతూ పోగా, పెద్ద మంటకు కావలసినంత కట్టె అడవిలో పేరుకొన్నది. 1970లలో ఆ నియమాన్ని వదలుకొన్నారు. ఆస్ట్రేలియాలో ఆదివాసులు చిన్న చిన్న మంటలతో పెద్ద మంటను ఆపే విద్యను ఎన్నో వేల ఏళ్ళుగా ఎరుగుదురు. దొరలు దానిని ఇటీవలనే నేర్చుకొంటున్నారు. నిప్పు వుండాలా వద్దా అనేది అసలు ప్రశ్న కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరి నిర్ణయంతో అనేదే ప్రశ్న.

ఈనాడు మన వద్ద యంత్రాంగం లేకపోలేదు. భారత అటవీ సర్వే 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి రాష్ట్రాలకు తెలియజేస్తున్నది. దేశంలోని అడవిలో మూడోవంతుకు పైగా తరచు మంటకు గురయ్యే ప్రాంతమని ఆ సంస్థే లెక్క తేల్చింది. 2018లో జాతీయ కార్యాచరణ పథకం వచ్చింది. వేసవికి ముందు అగ్నిరేఖలు తీస్తారు, తాత్కాలిక కావలివాళ్ళను పెడతారు, ఆకును ఊదివేసే యంత్రాలు తెచ్చారు. ఇవన్నీ అవసరమే. అయితే ఉపగ్రహం వేడిమచ్చను చూస్తుంది, ఇప్పచెట్టు క్రింద వంగిన మనిషిని చూడదు. సందేశం సెల్‌ఫోనుకు క్షణంలో చేరినా, గుట్ట ఎక్కి మండ పట్టేది ఊరి మనిషే. ఆ మనిషిని అనుమానితుడిగా చూసే పద్ధతిలో ఏ యంత్రమూ పనిచేయదు.

ఊరిని కలుపుకొనే ప్రయత్నం ఒకసారి జరిగింది. 1992 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు ఏర్పడినాయి. తరువాత వాటికి ప్రపంచబ్యాంకు అప్పు తోడయింది. కూలి వున్నన్నాళ్ళు అగ్నిరేఖలు శుభ్రంగా వున్నాయి. అప్పు ముగిసిన తరువాత చాలాచోట్ల సమితులు కాగితం మీదనే మిగిలినాయి. కారణం స్పష్టమే. ప్రజలకు పని ఇచ్చారు గాని అధికారమివ్వలేదు. 2006 అటవీహక్కుల చట్టం ఆ అధికారాన్నే ఇవ్వజూపింది. సామూహిక అడవిని కాపాడుకొనే హక్కు గ్రామసభదని అది చెబుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడుభూమికి పట్టాలు పంచింది, మంచిదే. కాని ఇంటింటి పట్టా గురించి జరిగినంత చర్చ ఊరుమ్మడి అడవి గురించి జరగలేదు. కార్చిచ్చు పట్టా హద్దు దగ్గర ఆగదు. ఒక్కొక్కరి హక్కుతో అది ఆరదు.

ఇంకొక సంగతి. కాళేశ్వరం ఎత్తిపోతలకోసం మూడువేల హెక్టార్లకు పైగా అటవీభూమిని మళ్ళించారు. భూపాలపల్లిలో బొగ్గుకోసం నేల తెరచి గనులు త్రవ్వుతున్నారు. వీటి అవసరాన్ని గురించి ఇక్కడ వాదించను. కాలిన అడవిలో మోడు చిగురిస్తుంది, మునిగిన అడవి, త్రవ్విన అడవి చిగురించవు. అయినా మొదటిది వైపరీత్యం, రెండవది అభివృద్ధి! ఈ పేర్లు పెట్టే హక్కు ఎవరి చేతిలో వున్నదో అధ్యాపకులమైన మనం ఆలోచించాలి.

7

చేయదగిన పనులు ఊహకందనివి కావు. ఇప్పచెట్ల క్రింద కాల్చవలసివస్తే, ఆకు కొద్దిగా రాలిన తొలిరోజులలో, చుట్టూ నేల గీకి, మంచు ఆరని ఉదయంవేళ, గ్రామసభ తీర్మానంతో కాల్చవచ్చు. మధ్యభారతంలో కొన్నిచోట్ల చెట్టుక్రింద వలలు కట్టి పువ్వును పట్టుతున్నారు. ఆ వలలను ఇక్కడి ఇల్లాళ్ళకూ ఇవ్వవచ్చు. తునికి పొద నరికిన శ్రమను కట్టధరలో లెక్కగట్టాలి. మంట ఆర్పినవానికి కూలీ, ప్రమాదానికి బీమా వుండాలి. అతనిని ప్రశ్నించే ముందు కృతజ్ఞత చెప్పాలి. ఊరుమ్మడిగా హక్కులను నిలిపివేసే వలసనాటి నిబంధన తొలగిపోవాలి. వేసవులు మునుపటికంటె తీవ్రమవుతున్న ఈ కాలంలో ఈ పనులకు ఎక్కువ గడువు లేదు.

ఈ ఏడు మా విద్యార్థులకు అంశం మార్చి ఇచ్చాను: ‘మా ఊరి గట్టుమీద మంట – ఎందుకు లేచింది, ఏమి కాలింది, ఎవరు ఆర్పారు?’ పేర్లు వ్రాయవద్దనీ, పనులు మాత్రం వ్రాయమనీ చెప్పాను. ముందు చెప్పిన కుర్రవాడు నాలుగు పుటలు వ్రాసి తెచ్చాడు. వాళ్ళమ్మ ఎన్ని చెట్లక్రింద ఏరుతుందో, ఆకు ఊడ్వడానికి ఎన్ని పూటలు పడుతుందో, కిలో పువ్వుకు వచ్చేదెంతో లెక్క కట్టాడు. మోకాలు దాటని ఇప్పమొక్కలను కూడా లెక్కపెట్టుకొని వచ్చాడు.

అక్షరదోషాలు చాలా వున్నాయి. ఈసారి కూడా ఎనిమిది మార్కులే వేశాను, మిగిలిన రెండూ ఆ దోషాలకు పోయినాయి. ఆ కాగితాన్ని మాత్రం నా దగ్గరే వుంచుకొన్నాను.